రోములో ఏమీ పోలేదు

పుంగనూరు నుంచి పొద్దున ఎనిమిదీ పదికి బయల్దేరే మదనపల్లె బస్సులో డ్రైవరు వెనకాల మొదటి సీటు శేఖరప్పది. ఆ సీటుకు బోర్డు లేదు, తువ్వాలు వేసి ఆపేవాళ్ళూ లేరు. అయినా ఎంత రద్దీలోనైనా దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్ళు. అతను ముందు కూర్చుంటేనే అందరికీ సులువు. దిగేటప్పుడు ఎవరి వస్తువులు వాళ్ళు తీసుకుని పోవచ్చు.

బస్సు ఊరు దాటేసరికి అతని ఒళ్ళోకి ఒక పెన్ను వచ్చి ఉండేది. తర్వాత ఫోనులో మునిగిపోయిన కాలేజీ పిల్ల జడ క్లిప్పు, కునుకు తీస్తున్న పెద్దాయన మందుల చీటీ, టమాటా రేటు గురించి గట్టిగా వాదించుకుంటున్న ఇద్దరిలో ఒకరి పర్సు. శేఖరప్ప చెయ్యి కదిపేవాడు కాదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. వస్తువులే సీట్ల కింద నుంచి, కాళ్ళ సందుల్లోంచి, సాయంకాలం దూడలు కొట్టం చేరినట్టు వచ్చేవి. మదనపల్లెలో బస్సు ఆగగానే అతను ఇంజను మూత మీద తువ్వాలు పరిచి అన్నీ పెట్టేవాడు.

"ఎవురివి వాళ్ళు సూసుకోండప్పా, తోసుకోవద్దండి!" అని కండక్టరు షాహిద్ కేకేసేవాడు. ఐదు నిమిషాల్లో తువ్వాలు ఖాళీ అయ్యేది.

శేఖరప్ప అసలు పేరు మునిశేఖర్, వయసు యాభై ఆరేళ్ళు. ఒక్కసారి కూడా ఎవరిదీ తీసుకున్నవాడు కాదు. చిన్నప్పుడు తోటి పిల్లల బలపాలు తన సంచిలోకి వచ్చి చేరినందుకు బళ్ళో దెబ్బలు తిన్నాడు. పందొమ్మిదో ఏట స్టేషనుకు పట్టుకుపోతే, ఎస్సై గట్టిగా అరుస్తూ ఉండగానే ఆయన విజిలు వచ్చి ఇతని ఒళ్ళో పడింది. ఎస్సై దాన్నీ ఇతన్నీ మార్చి మార్చి చూసి, టీ తాగించి పంపేశాడు. తాంబూలాలు మార్చుకునే రోజు పెళ్ళికూతురి తండ్రి వాచీ వచ్చింది. ఆ సంబంధం అంతటితో ఆగిపోయింది. అతను మళ్ళీ ఇంకోటి చూసుకోలేదు. పోను పోను ఊరు అలవాటు పడింది. మదనపల్లె బస్టాండు పక్క సందులో బ్యాగులు కుట్టే అంగడి పెట్టుకున్నాడు.

అందరికంటే ఎక్కువగా అతని దగ్గరికి వచ్చేవి రేవతి వస్తువులు.

రేవతి మదనపల్లె కరెంటాఫీసులో ఫిర్యాదులు రాసుకునేది. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చినప్పుడు ముప్ఫై ఏళ్ళు, ఇప్పుడు నలభై తొమ్మిది. పిల్లలు లేరు. "మా వీధిలో కరెంటు లేదు", "మోటరు కాలిపోయింది" అని పొద్దస్తమానం ఫోనులో వినీ వినీ ఆమె తలలో ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంటి చీకటి ఉండేది. సొంత వస్తువులకు అందులో చోటు తక్కువ. గొడుగో, టిఫిను డబ్బా మూతో, ఒక చెవి కమ్మో రోజూ శేఖరప్ప ఒళ్ళోకి చేరేది. ఆఫీసుకు ఆలస్యమవుతుందని ఆమె తువ్వాలు దగ్గర ఆగకుండా పరిగెత్తి, సాయంత్రం ఐదున్నరకు అంగడికి వచ్చి తీసుకునేది.

"ఈపొద్దు ఏందప్పా?"

"కమ్మ. ఎడమ సెవిది."

"కుడిది ఉండాదిలే."

ఇంతే మాటలు. ఒక్కోరోజు టీ వచ్చేది, అప్పుడు ఇంకో నాలుగు. పంతొమ్మిదేళ్ళలో ఆమె అతన్ని ఒక్కసారి కూడా అన్నా అనలేదు. ఆ సంగతి బస్సులో ఆడవాళ్ళందరికీ తెలుసు, ఆమెకే తెలియదు.

ఆ ఏడు రేవతి యూరప్ పోవాలనుకుంది. దీపాలు ఆరని ఊళ్ళు కొన్ని ఉన్నాయని, వాటిని ఒక్కసారి కళ్ళతో చూడాలని ఆమెకు చాలాకాలంగా ఉంది. తిరుపతి నుంచి ఒక బృందం పోతోంది, పన్నెండు రోజులు, ప్యారిస్, రోము, ఇంకా రెండు మూడు ఊళ్ళు. పేరు ఇచ్చి వచ్చాక ఆఫీసులో అందరూ ఒకటే మాట.

"ఆడ జేబుదొంగలు జాస్తి అంట మేడమ్. మీరు మదనపల్లెకు వచ్చేలోపలే సగం పోగొట్టుకుంటారు. పాస్‌పోర్టు పోతే ఇంటికెట్ల వస్తారు?"

నవ్వుతూనే అన్నారు. ఆమెకు మాత్రం ఆ పాస్‌పోర్టు మాటే చెవిలో ఉండిపోయింది. ఆ సాయంత్రం అంగడికి పోయి, గొడుగు తీసుకుని, అక్కడే నిలబడింది.

"శేఖరప్పా, నా వస్తువు ఒక్కటి కూడా నీ దగ్గరికి రాకుండా ఒక్కరోజు నేను మదనపల్లెకు రావాల. అట్ల వచ్చినానంటే రోముకు పోవచ్చు. నేర్పిస్తావా?"

అతను మిషను ఆపి, కాడకు దారం చుట్టిన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "నాకేం తెలుసమ్మా? నేను దొంగను కాదు గదా."

"అందుకే నిన్నడిగేది. దొంగైతే సెప్పడు."

మరుసటి రోజు ఆమె ఆన్‌లైన్లో తెప్పించుకున్నవన్నీ వేసుకుని బస్సెక్కింది. నడుముకు లోపల కట్టుకునే బెల్టు సంచి, మూడు జిప్పుల బ్యాగు, దానికో గొలుసు, ఒక నంబరు తాళం. సగం దారి పోకముందే బెల్టు సంచి పాములా జారి వచ్చి శేఖరప్ప కాళ్ళ దగ్గర చుట్ట చుట్టుకుంది. నంబరు తాళం విడిగా దొర్లుకుంటూ వచ్చింది.

"తాళం, గొలుసు దొంగకు కాసేపు పని పెడతాయమ్మా, అంతే," అన్నాడు సాయంత్రం. "వస్తువు ఎప్పుడు వస్తాదో సెప్తా విను. దాని మనిసి దాన్ని మర్సిపోయిన నిమిషంలో వస్తాది. నా దగ్గరికైతే తనంతట తనే వస్తాది. దొంగేమో ఆ నిమిషాన్ని తయారు సేసుకుంటాడు."

రెండోరోజు ఆమె బ్యాగును రెండు చేతులా కరుచుకుని, దాన్ని తప్ప ఇంకోటి తలచుకోకుండా కూర్చుంది. బ్యాగు కదల్లేదు. ఎడమ కాలి చెప్పు వచ్చింది.

"భయం ఒకదాన్నే పట్టుకుంటాది," అని చెప్పు ఆమె ముందు పెట్టాడు. "తక్కినవన్నీ వదిలేస్తాది."

ఆమె ఫోనులో వీడియోలు చూసి దొంగల ఎత్తులన్నీ రాసుకొచ్చి వినిపించేది. ఒకామె కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమంటుందట. ఒకడు చొక్కా మీద ఏదో పోసి, అయ్యయ్యో అని తనే తుడుస్తాడట. రైలెక్కేటప్పుడు ముందువాడు వాకిట్లో ఆగిపోతాడట, వెనకవాళ్ళు మీదకు తోస్తారట. శేఖరప్ప కుడుతూనే వినేవాడు.

"అన్నీ ఒకటేనమ్మా. నిన్ను ఇంకోపక్క సూసేట్టు సేస్తారు. ఎవురన్నా నిన్ను గుద్దితే వాళ్ళ మొగం సూడొద్దు. ముందు నీవి సూసుకో. మొగం తర్వాతైనా సూడొచ్చు. ఇంగోటి. జేబుదొంగలుంటారు జాగ్రత్త అని బోర్డు ఉంటాది గదా, దాన్ని సదివినాక సంచి తడుముకోవద్దు. అందురూ ఆడనే తడుముకుంటారు. యాడ పెట్టుకుండేది మనమే సూపించినట్టు."

మూడు జిప్పుల బ్యాగును విప్పేసి వేరేగా కుట్టాడు. భుజం మీద నుంచి అడ్డంగా వేసుకుంటే పొట్ట మీదకు వచ్చేట్టు పట్టీ పొడవు సరిచేశాడు. లోపల ఇంకో జేబు పెట్టి, దానికి జిప్పు తీసేసి రెండు గుండీలు వేశాడు. "జిప్పుకు ఒక సెయ్యి సాలు. గుండీలకు రెండు కావాల." పాస్‌పోర్టు ఆ జేబులో. ఆ రోజు ఖర్చుకు కావలసింది మాత్రం పైన. ఇంకో కార్డు పెట్టెలో. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి తోడు వచ్చే మనిషి దగ్గర.

"ఇంత సేసినా మర్సిపోతే పాయ," అన్నాడు. "బళ్ళో హాజరు పిలుస్తారు సూడు, అట్ల పిలువు. బస్సు ఆగినప్పుడంతా."

ఆమె పిలవడం మొదలుపెట్టింది. ప్రతి స్టాపులో కళ్ళు మూసుకోకుండా, పెదాలు కదలకుండా. పాస్‌పోర్టూ, ఉండావా? ఉండా. ఫోనూ? ఉండా. మందులూ? గొడుగూ? కమ్మలూ, ఇద్దరూ ఉండారా? మొదట్లో మూడో స్టాపు దగ్గర ఎవరిదో కాలిపోయిన మోటరు గుర్తొచ్చేది, గొడుగు పోయేది. తర్వాత ఏడో స్టాపు దాకా నిలబడింది. ముప్ఫై నాలుగోరోజు మదనపల్లెలో శేఖరప్ప తువ్వాలు పరిచి, దాని మీద ఉన్నవన్నీ జనం తీసుకునేదాకా ఆగి, రేవతిని పిలిచాడు.

"నీది ఏమీ లేదు," అన్నాడు.

బస్సంతా చప్పట్లు కొట్టింది. షాహిద్ విజిల్ వేశాడు. శేఖరప్ప ఖాళీ తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "పాసయినావమ్మా," అని తలెత్తకుండా దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఐదున్నరకు రేవతి కాళ్ళు అలవాటుగా సందులోకి తిరిగాయి. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, తీసుకోవాల్సింది ఏమీ లేదని. వెనక్కి తిరిగి బస్సెక్కింది. నాలుగు రోజులు అట్లాగే గడిచాయి. ఐదోరోజు చేతిరుమాలును కావాలని సీటు మీద వదిలి, ముందుకు పోయి నిలబడింది. కావాలని మరవడం మరవడం కాదు కాబోలు, రుమాలు మదనపల్లె దాకా అక్కడే పడి ఉంది. షాహిద్ తెచ్చి ఇచ్చాడు.

ప్రయాణానికి వారం ముందు ప్రమోషను కాగితం వచ్చింది. టూరు నుంచి రాగానే కుప్పంలో చేరాలి. పట్టీ ఒకసారి బిగించాలన్న వంకతో బ్యాగు తీసుకుని అంగడికి పోయి ఆ మాట చెప్పింది.

"మంచిదే కదమ్మా," అన్నాడు. "కుప్పంలో రైలు కూడా ఉండాది. బెంగుళూరు దగ్గిర." గట్టిగా ఉన్న పట్టీనే మళ్ళీ విప్పి కుట్టాడు. దారం రెండుసార్లు తెగింది.

"ఇంగ ఈ బస్సు ఉండదు," అంది రేవతి.

"బస్సు ఉంటాదిలేమ్మా," అన్నాడు అతను.

టూరులో రేవతి గదిలో తోడు గుల్జార్ బీ. మదనపల్లెలో గాజుల అంగడి. అరవై ఆరేళ్ళ వయసులో, గాజు ఊదే ఊరు ఒకటి ఇటలీలో ఉందని విని, చూసి వస్తానని బయల్దేరింది. రేవతి పాస్‌పోర్టు జిరాక్సు ఆమె దగ్గర, ఆమెది రేవతి దగ్గర. ప్యారిస్‌లో సాయంకాలం దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే రేవతి వంతెన మీద నిలబడి చూసింది. నలభై దీపాలు వెలిగిన ప్రతిసారీ తన వస్తువులకు ఒకసారి హాజరు పిలిచింది. ఇద్దరు అమ్మాయిలు కాగితాలు తెచ్చి సంతకం పెట్టమన్నారు. గుల్జార్ బీ వాళ్ళకు ఉర్దూలో దీవెనలు చెప్పి పంపించింది.

రోములో మూడోరోజు పొద్దున మెట్రో ఎక్కారు. రైలు వాకిట్లో ఒక గర్భిణీ అమ్మాయి ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక నుంచి ఇద్దరు తోశారు. బృందంలోని మధుసూదన్, మదనపల్లె టమాటా మండీ ఆయన, "అయ్యో పాపం, సూసి తల్లీ" అని ఆ అమ్మాయిని పట్టుకున్నాడు. పట్టుకున్న చేతులు పట్టుకునే ఉన్నాయి, వెనక జేబులోంచి పర్సు పోయింది. రేవతి భుజానికీ దెబ్బ తగిలింది. ఆమె మొహం చూడలేదు. బ్యాగు వైపు చూసింది. అందులో సన్నటి చెయ్యి ఒకటి ఉంది, మొదటి గుండీ దగ్గర తడుముకుంటోంది.

రేవతి ఆ మణికట్టును పట్టుకుంది. తర్వాత మొహం చూసింది. ఇరవై దాటని పిల్ల. భయపడిన కళ్ళు.

"వద్దమ్మా," అంది తెలుగులోనే.

పిల్ల చెయ్యి లాక్కుంది. తలుపులు మూసుకునేలోపు ముగ్గురూ దిగిపోయారు. టూరు మేనేజరు సాయిప్రసాద్ కేకలు, మధుసూదన్ ఏడుపు. రేవతి సీట్లో కూర్చుని గుండీలు రెండూ తీసి, ఈసారి పెదాలు కదిలిస్తూనే పిలిచింది. పాస్‌పోర్టు ఉంది. కార్డు ఉంది. మందులున్నాయి. కమ్మలు ఇద్దరూ ఉన్నారు.

"ఏం పాయ బేటీ?" అంది గుల్జార్ బీ కంగారుగా.

"ఏమీ పోలేదమ్మా." రేవతి చెయ్యి ఇంకా బ్యాగులోనే ఉంది. "ఒకటి ఎక్కువుండాది."

బయటకు తీసింది. గోధుమరంగు ఫ్రేము కళ్ళద్దాలు, కుడి కాడకు నల్లటి మైనపు దారం చుట్టి ఉంది.

"ఎవురివి?"

"శేఖరప్పవి."

గుల్జార్ బీ వాటిని తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "అరె, అయితే ఆడ ఆయప్ప సూదికి దారం ఎట్ల ఎక్కిస్తాడు?" అని బాధపడింది.

మరుసటి రోజు ఫ్లోరెన్సులో, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ వచ్చింది. వెనిస్‌లో గుల్జార్ బీ నోరు తెరుచుకుని గాజు ఊదేవాడిని చూస్తుండగా, రేవతి బ్యాగులోకి మైనం ముద్ద వచ్చింది. ఎప్పుడూ ఇతరుల వస్తువులు అతని దగ్గరికి పోయాయి గాని, అతనిది ఒక్కటీ ఇంకొకరి దగ్గరికి పోయింది లేదు. ఫోను చేద్దామంటే నంబరు లేదు. రోజూ చూసే మనిషి నంబరుతో ఎప్పుడూ పని పడలేదు. షాహిద్‌కు చేసింది.

"శేఖరప్ప ఎట్ల ఉండాడప్పా?"

"ఏమోనక్కా, ఆయప్ప మనిసి ఈడ, మనసు యాడో. నువ్వు పోయినప్పట్నుంచి మా వస్తువులు ఎవురివీ ఆయప్ప దగ్గరికి పోవడంలా. మదనపల్లె వస్తే దిగడం మర్సిపోతాండాడు. నిన్న మళ్ళీ పుంగనూరుకే టికెట్ కొట్టినా."

ఫోను పెట్టేసి రేవతి ఆ మాటలన్నీ గుల్జార్ బీకి చెప్పింది. గుల్జార్ బీ కొత్తగా కొన్న గాజు పూసలను కాగితంలో చుడుతూ విన్నది.

"మనిసి ధ్యాస యాడుంటే వస్తువు ఆడికి పోతాది బేటీ. దాంట్లో ఏముండాది."

పూసలు పక్కన పెట్టి, "ఇన్నేళ్ళూ అందురికంటే జాస్తి నీవే ఆయప్ప దగ్గరికి యాల పోయినాయి మల్ల?" అంది.

కిటికీ కింద నీళ్ళ మీద పడవలు పోతున్నాయి. రేవతి వాటినే చూస్తూ కూర్చుంది, మెడ దగ్గర నుంచి చెవుల దాకా వేడెక్కుతుంటే.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం సోదా దగ్గర ఆమె బ్యాగులోంచి గోనెలు కుట్టే దబ్బనం బయటపడింది. నిన్న సాయంత్రం లేదది. ఆఫీసరు దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి ఇదేమిటన్నట్టు చూశాడు. "మా వాళ్ళది," అంది రేవతి. అతనికి అర్థం కాలేదు, దబ్బనం తీసి డబ్బాలో వేసేశాడు. మా వాళ్ళది అన్న మాట మాత్రం బెంగుళూరులో దిగేదాకా ఆమె నోట్లోనే ఉంది.

పుంగనూరు చేరిన మరుసటి రోజు ఎనిమిదీ పది బస్సెక్కి, డ్రైవరు వెనకాల మొదటి సీట్లో అతని పక్కన కూర్చుంది. పంతొమ్మిదేళ్ళలో అక్కడ ఎవరూ కూర్చోలేదు. అతనికి చూపు ఆనలేదు.

"ఎవురమ్మా? ఈడ కూర్చుంటే నీ వస్తువులు—"

"నా వస్తువులు యాడికీ పోవు," అంది రేవతి. బ్యాగు గుండీలు తీసి, కళ్ళద్దాలు అతని చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఇత్తడి టోపీ, మైనం ముద్ద. "దబ్బనం వాళ్ళు తీసేసుకున్నారు. కొత్తది కొనిస్తా."

అతను అద్దాలు పెట్టుకుని ఆమె వైపు చూశాడు. జీవితమంతా వస్తువులను తువ్వాలు మీద పెట్టి తిరిగిచ్చిన మనిషి. తనవి తిరిగి తీసుకోవడం ఎట్లాగో తెలియలేదు. ఇత్తడి టోపీని వేలికి తొడిగి, తీసి, మళ్ళీ తొడిగాడు.

"తప్పయిపాయ రేవతమ్మా. నాకు తెలీకుండా పోయినాయి. ఇంగ పోకుండా సూసుకుంటా."

"యాల సూసుకోవాల?" అంది ఆమె. షాహిద్ టికెట్లు కొట్టడం మానేసి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "కుప్పంలో కనుక్కున్నా. బస్టాండు దగ్గిర మంచిగా బ్యాగులు కుట్టేవాళ్ళు ఎవురూ లేరంట. నేను సోమవారం ఆడ సేరతాండా. నువ్వూ వస్తే బాగుంటాది."

అతను కిటికీలోంచి చూశాడు. రోజూ చూసే దారే అయినా కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"మిషను బరువమ్మా," అన్నాడు. "బస్సు పైన కట్టాల."

"నేను కడతా!" అన్నాడు షాహిద్.

నెల తిరిగాక రిజిస్ట్రారు ఆఫీసులో వాళ్ళ పెళ్ళికి షాహిద్ సాక్షి సంతకం పెట్టాడు. గుల్జార్ బీ వెనిస్ పూసలతో తనే గుచ్చిన గొలుసు తెచ్చి రేవతి మెడలో వేసి, రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. ఎన్నో ఏళ్ళ తర్వాత చేతి మీద పడిన ఆ బరువుకు రేవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కుప్పం బస్సు కిక్కిరిసి ఉంది. ఇద్దరికీ వెనక సీట్లలోనే చోటు దొరికింది. శేఖరప్ప అలవాటుగా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ముందు సీట్లో ఒకామె చంటిబిడ్డను ఆడిస్తూ లోకం మరిచిపోయింది. ఆమె పర్సు ఆమె పక్కనే ఉంది. నిద్రపోతున్న పిల్లవాడి ఫోను వాడి జేబులోనే ఉంది. కుప్పంలో అందరూ దిగాక అతను వాకిలి దగ్గర ఆగి, చొక్కా జేబు తిరగేశాడు. తువ్వాలు దులిపాడు. నడుము దగ్గర తడుముకున్నాడు. ఎక్కడా ఏమీ లేదు. మళ్ళీ వెనక్కి పోయి సీటు కింద వంగి చూశాడు.

అది చూసి కొత్త కండక్టరు దగ్గరికి వచ్చాడు. ఊరు తెలియని కుర్రాడు, శేఖరప్ప ఎవరో తెలియదు.

"ఏం పెద్దాయనా," అన్నాడు ఆదుర్దాగా, "నీదేమన్నా పాయనా?"

శేఖరప్ప నిటారుగా నిలబడ్డాడు. యాభై ఆరేళ్ళలో అతన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. కింద రేవతి మిషనును దించుతున్న కూలీకి దారి చెబుతూ, ఒక చెయ్యి పైకి చాచింది, దిగమని.